ఒకే పక్కకు తిరిగిన జడకోలాటం

మా చిన్నప్పుడు... మా ఊరి కోలాటం జట్టును రెండుగా చీల్చింది ఇద్దరు. పైవీధి లింగన్న మామ ఒకరు, కిందివీధి ఓబులేసు మామ ఇంకొకరు. పేర్లు కావాలనే రాస్తున్నాను. వాళ్ల మనవళ్లు ఈ పేజీలో నాకు స్నేహితులే... చదవనీ.

తొండూరుకు దగ్గర్లో మా ఊరు. మా పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. ఎన్నికలొస్తే జీపులకు జెండాలు, గోడల నిండా రాతలు, మిద్దెల మీద కాపలా మనుషులు... అయినా సాయంత్రమయ్యేసరికి రెండు వీధుల పిల్లలం కోలలు పట్టుకొని బడి ముందర చేరేవాళ్లం.

మా గురువు పుల్లన్న తాత. వేంపల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. తనంత కోలాటగాడు జిల్లాలోనే లేడని తనే చెప్పుకొనేవాడు. మొదట్లో చాలా రోజులు కోల చేతికివ్వలేదు. ఉత్త అడుగులే... నాకు ఒళ్లు మండేది. పాట గట్టిగా పాడి, హుషారుగా ఎగిరితే అదే కోలాటమని నా వాదన.

"ఎగిరేదానికి మేకపిల్ల చాలు, నువ్వెందుకు? కాలు యాడ పడతాందో చూసుకో మే" అనేవాడు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటే. పైవీధి పిల్లలు కుడికి తిరగాలి, కిందివీధి పిల్లలు ఎడమకు. పిల్లలకు గుర్తుండటానికి అదే తేలికట. ఎదురుగా వచ్చి కోల తగిలించే జోడీని 'ఉద్ది' అంటారు. అట్లా మా అందరికీ ఉద్ది అవతలి వీధిలోనే ఉండేది. నా ఉద్ది మేరీ... కిందివీధిలో ఉండే టీచరు గారి అమ్మాయి. నవమి పందిట్లో మాతో కోలాటం ఆడేది, క్రిస్మస్‌కు మేమంతా వాళ్లింటి ముందర ఆడేవాళ్లం.

ఆ ఏడు నవమికి మొదటిసారి జడకోలాటం వేయాలి. పైన దూలానికి పగ్గాలు వేలాడదీస్తారు. ఒక చేతిలో పగ్గం, ఒక చేతిలో కోల... సగం మంది కుడికి, సగం మంది ఎడమకు, ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. ఆ జడను కళ్లారా చూడాలి... నాకప్పుడు అంతకుమించిన ఆశ లేదు.

పండగ వారం ఉందనగా జెండా దిమ్మె దగ్గర రెండు పార్టీలకూ తగాదా వచ్చింది. తెల్లారి లింగన్న మామ మా వీధి పిల్లలందరినీ పిలిచాడు.

"వాళ్ల పిల్లోళ్లతో ఆడేది ఇంక లేదు. మన పందిరి మనది, మన కోలాటం మనది."

అవతల ఓబులేసు మామ కూడా అదే మాట అన్నాడట. పార్టీల రంగుల్లో కొత్త పగ్గాలు వచ్చాయి. మేరీ దారిలో ఎదురైతే తల వంచుకొని పోయింది. గురువును ఇద్దరూ పిలిచారు. "ఒక గురువును రెండు పందిళ్లకు ఎట్ల కోసి పంచుతారప్పా" అని, పండగ సాయంత్రం ఆయన రెండు వీధులనూ కలిపే దారి మధ్యలో టీ అంగడి ముందర బొరుగులు తింటూ కూర్చున్నాడు.

ఆ దారికి ఈ చివర మా పందిరి, ఆ చివర వాళ్ల పందిరి. డప్పు మొదలైంది... పగ్గాలు పట్టుకొని కుడికి తిరిగాం. అందరమూ కుడికే. తగలాల్సిన కోల ఎదురు రాలేదు. గాలిని కొడుతున్నాం. పైన చూస్తే జడ లేదు... బావి మోకులాగా పగ్గాలన్నీ మెలికపడుతున్నాయి.

లింగన్న మామకు కంగారు పుట్టింది. "సగం మంది ఎడమ పక్కకు తిరగండప్పా."

తిరిగాం. నెలల తరబడి కుడికే అలవాటైన కాళ్లు... తలకు తల కొట్టుకుంది. ఒకడి పగ్గం ఇంకొకడి మెడకు చుట్టుకుంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చివర కూడా ఇదే నవ్వు వినిపిస్తోంది.

నాకు కోపమొచ్చింది. పగ్గం విసిరేసి దారి ఆ చివరికి పరిగెత్తాను.

"మే మేరీ, నువ్వు యా పక్కకు తిరుగుతాండావు?"

"ఎడమకే. నాకొచ్చింది అదేగదా."

"పా అయితే, నాకెదురు నిలబడు."

దాని చెయ్యి పట్టుకొని లాక్కొస్తుంటే వెనకాలే మిగతా పిల్లలూ బయలుదేరారు. ఓబులేసు మామ మా వెంటే వచ్చి టీ అంగడి దగ్గర అడ్డం నిలబడ్డాడు, ఇటునుంచి లింగన్న మామ కూడా వచ్చాడు. అప్పుడు పుల్లన్న తాత బొరుగుల పొట్లం మడిచి పక్కన పెట్టాడు.

"ఓబులేసూ, పిల్లోళ్లను ఆపితే ఆపు. రేపు పులివెందులంతా నీ మోకు కతే చెప్పుకుంటారు. నీకూ అంతే లింగన్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరువు పోవడం కంటే పిల్లలు కలవడమే నయమనిపించినట్టుంది. టీ అంగడి ముందర వేప కొమ్మకు రెండు రంగుల పగ్గాలూ కట్టించారు.

మేరీ కోల నా కోలకు తగిలింది... టక్ మని. పైన జడ అల్లుకుంటూ దిగింది. ఒక పాయ ఒక రంగు, పక్క పాయ ఇంకో రంగు. లింగన్న మామ "మా రంగే బాగా కనపడతాండాది" అన్నాడు. ఓబులేసు మామ ఒప్పుకోలేదు. దాని మీద మళ్లీ జగడం... కానీ ఆ రోజు నవ్వుతూనే.

వాళ్ల కక్షలు అంతటితో తీరిపోలేదు. కోలాటానికి అంత బలం ఉందని అబద్ధం చెప్పను. పెద్దయ్యాక కరపత్రాలు చాలా చదివాను. కళ ఎవరి పక్షాన నిలబడాలి, ఏం చెప్పాలి అని పేజీలకు పేజీలు... కాలు ఎక్కడ పడాలో ఒక్కదానిలోనూ లేదు. నా మాట రాసుకోండి. నినాదం ఎవరైనా అరుస్తారు. జడ పడాలంటే మాత్రం అడుగు నేర్చుకోవాలి, ఆ అడుగుకు ఎదురొచ్చే మనిషి ఉండాలి.

ఇప్పుడు మా ఊళ్లో నవమికి రెండు డీజేలు... ఒకదాని పాట ఇంకొకదానికి వినిపించదు. కోలలు పట్టిన పిల్లలు ఒక్కరూ లేరు. అందుకే నేనూ మేరీ కలిసి ఒక మాట అనుకున్నాం. మీ ఊళ్లో మీ ఉద్ది ఎవరో కింద కామెంట్లలో రాయండి, చదువుకుంటాం. మా ఊరివాళ్లు మాత్రం ఈ శనివారం సాయంత్రం అయిదింటికి పిల్లల్ని తీసుకొని బడి ముందరికి రండి, మేమిద్దరం కోలాటం నేర్పుతాం. రెండు వీధులవాళ్లూ రావాలి. ఒక వీధివాళ్లే వస్తే ఆ రోజు నేర్పం.