పీత డిప్ప విడిచిన రోజు

డెబ్భైల్లో నేను విజయవాడలోని ఒక కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పీత పాత డిప్ప వదిలి కొత్త డిప్పతో బయటికి రావడం గురించి ఏటా పాఠం చెప్పేదాన్నే గానీ, ఒక్కసారీ కళ్లారా చూడలేదు. అందుకే ఒక ఆదివారం మా అత్తగారు పులుసు కోసం కొన్న పొలం పీతల్లోంచి, పటకారులాంటి పెద్ద డెక్క ఒకటి ఊడిపోయినదాన్ని తీసి, గవర్నర్‌పేట ఇంటి వెనక వరండాలో నీళ్ల తొట్టిలో పెట్టుకున్నాను.

"కుంటిదైతే పులుసుకు పనికిరాదా?" అన్నారావిడ. ఆ తర్వాత రోజూ అదే పాట. "మీ చుట్టం భోంచేశాడా అమ్మాయ్?"

నెల తిరిగేసరికి పీత తిండి మానేసి మూల కూర్చుంది.

"డిప్ప మార్చే ముందు ఇలాగే ఉంటాయండీ. వదిలిన డిప్పనే తిని, అందులో సున్నంతో కొత్తది గట్టిచేసుకుంటాయి."

"చచ్చే ముందు కూడా ఇలాగే ఉంటాయమ్మా."

మర్నాడు నేను కాలేజీలో బోర్డు మీద రొయ్య బొమ్మ గీస్తుండగా ఆ పని కాస్తా జరిగిపోయింది. ఇంటికొచ్చేసరికి అత్తగారు తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. వంటింట్లోంచి మాడిన పప్పు వాసన వస్తోంది.

"డిప్ప వెనకవైపు పగిలింది అమ్మాయ్! అక్కణ్ణించి వెనక్కి జరుగుతూ వచ్చింది. మొదట వెనక కాళ్లు, ఆఖర్న డెక్క. అది లాక్కుంటుంటే నాకు ఆయాసం వచ్చిందనుకో. కళ్ల మీద పొర కూడా వదిలేసింది, తెలుసా?"

తెలుసు. పుస్తకంలో ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తొట్టిలో రెండు పీతలున్నట్టుంది. ఒకటి ఉత్త డిప్ప. రెండోది దానికంటే పెద్దది, ముట్టుకుంటే నానిన తోలులా మెత్తగా ఉంది. ఊడిన డెక్క చోట వేలెడంత లేదు గానీ, కొత్తది మొలిచింది.

"నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుందండీ, అందుకే..."

"చూసినదానికి నువ్వు చెప్తావేంటి?"

క్లాసులో చూపిద్దామని ఖాళీ డిప్ప మీద చెయ్యి వేశాను. అత్తగారు చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"బాలింత కంచం లాక్కుంటావా? అది తినాలన్నది నువ్వే కదా!"

వదిలేశాను. రెండ్రోజుల్లో పీత సగం డిప్ప తినేసింది. వారానికి గట్టిపడింది. ఆవిడే రిక్షాలో తీసుకెళ్లి కాలవలో వదిలి వచ్చారు.

ఆ ఏడు పాఠంలో, "మా ఇంట్లో చూశాం" అని గర్వంగా చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదని ఇప్పటికీ నా వాదన.