మూడో ఆదివారం చదవని ప్రకటన

మా పల్లెలో నేను వారానికి ఆరు రోజులు బడిలో అయ్యవారిని, ఏడో రోజు గుడిలో అయ్యగారిని. ఒక్క అక్షరం తేడా. జీతంలో ఆ తేడా కూడా ఉండేది కాదు. గిద్దలూరికి రెండు కోసుల దూరంలో మా మిషను బడి. ఆదివారం బెంచీలు జరిపితే అదే గుడి. అసలు అయ్యగారు, అంటే పాస్టరు, గుర్రబ్బండి మీద రెండు మూడు నెలలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడపడం, పెండ్లి ప్రకటనలు చదవడం నా వంతు.

పెండ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఆ ఇద్దరి పేర్లూ గుడిలో చదవాలి. ఈ పెండ్లికి అడ్డమేదైనా ఎవరికైనా తెలిస్తే లేచి చెప్పమని అడగాలి. నా ఎరుకలో ఎవరూ లేవలేదు. ఒక్క ముసలాయన మాత్రం ప్రతిసారీ లేచి, “పప్పన్నమా, మాంసమా, అది గూడ సదువు అయ్యవారూ” అనేవాడు.

ఆ ఏడు నేను చదవాల్సి వచ్చిన పేరు మా మేనత్తది.

అమ్మా నాయనా పోయాక నన్ను పెంచింది అత్తే. ఆమె మొగుడిది మార్కాపురం వైపు. పెండ్లయిన ఏడాదికే, కరువు రోజుల్లో, రంగూను పోయాడు. పోయినవాడు పోయినట్టే. ఎనిమిదేండ్లు ఒక్క కబురు లేదు. అత్త కన్నెపిల్లా కాదు, విధవరాలూ కాదు, కాపురం ఉన్న మనిషీ కాదు. రైలు కట్ట మీద కంకర గంపలు మోసి నన్ను ట్రైనింగు చదివించింది. నా చదువు పట్టాలెక్కింది ఆ కంకర మీదే.

ఆ కట్ట మీద గ్యాంగు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. భార్య చనిపోయి నాలుగేండ్లయింది. మా అత్త గంపలో మాత్రం రెండు పారలు కంకర తక్కువ వేయించేవాడట. అందరికంటే ముందు ఆ సంగతి కనిపెట్టింది పక్క గంపల ఆడవాళ్లు. “మాకేమో కొండ, ఆమెకేమో గులకరాళ్లు. ఏంది మేస్త్రీ సంగతి?” అని వాళ్లు పట్టుకుంటే ఆయన దాచలేదు. అత్త కాదనడానికి ఏడాది, ఔననడానికి ఒక్క రోజు పట్టింది. అసలు అయ్యగారు విచారించి, ఏడేండ్లు దాటినా ఏ కబురూ లేదు గనక మొగుడు చనిపోయినట్టే లెక్క అని ఒప్పుకున్నారు.

మొదటి ఆదివారం చదివాను. రెండో ఆదివారం చదివాను. గొంతు బాగా పలికిందని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు, అత్త పనికి పోయినప్పుడు, మా అవ్వ, అంటే అత్తను కన్నతల్లి, తలుపు దగ్గరికి వేసి నన్ను పిలిచింది. జొన్నల కుండ వెనక గూట్లోంచి గుడ్డ మూట తీసింది. అందులో ఒక కవరు. అంటించింది అంటించినట్టే ఉంది. రంగూను ముద్ర.

“ఎప్పుడొచ్చిందవ్వా ఇది?”

“ఆయప్ప పోయిన మరుసటేడు. నీ యత్త చేనికాడుంటే నా చేతికిచ్చినాడు తపాలాయన.”

“మరి చదివించలేదేం?”

“సచ్చినాడని రాసుంటే గాజులు తీయల్ల. రమ్మని రాసుంటే పడవెక్కియ్యల్ల. రెండూ నాతో కాదు నాయనా.” మూట గుడ్డను మడుస్తూ అంది. “అడ్డముంటే సెప్పండని నువ్వు రెండు వారాలాయె అడగబట్టి. నన్నే అడుగుతాన్నట్టుంది.”

నేను కవరు చించాను. ఎవరి చేతనో రాయించిన జాబు. బియ్యం మిల్లులో పని దొరికింది. గది అద్దెకు తీసుకున్నాను. మన వైపు వాళ్లు ఎవరైనా వస్తుంటే వాళ్ల వెంట బయలుదేరి రా. రాకపోతే నీకు ఇష్టం లేదనుకుంటాను, మళ్లీ జాబు రాసి నిన్ను బలవంతపెట్టను.

“సచ్చినాడా?” అంది అవ్వ.

“లేదు. రమ్మన్నాడు.”

అవ్వ గోడకానుకుని కూలబడింది. “దానికి సెప్పొద్దు నాయనా. పెండ్లి కానీ” అంది.

మంగళవారం చెప్పకూడదనుకున్నాను. బుధవారం చెప్పాలనుకున్నాను. గురువారం నాకు జ్వరం వస్తే బాగుండుననుకున్నాను. జ్వరానికి కూడా నా మీద దయ కలగలేదు. ఎటు తిప్పినా ఆదివారం గుడిలో అడ్డం తెలిస్తే చెప్పమని అడగాల్సింది నేను. తెలిసినవాణ్ణీ నేనే. నన్ను నేనే అడిగి, నాకు నేనే వినబడనట్టు నిలబడాలి.

శనివారం సాయంత్రం అత్త పెండ్లి విందుకు విస్తళ్లు కుడుతోంది. నల్లమల నుంచి తెచ్చిన మోదుగాకు చాప మీద పోసుకుని, ఈనెలతో ఆకుకు ఆకు కలుపుతోంది.

“అత్తా, రంగూను నుంచి జాబు.”

చేతిలో ఈనె ఆగింది. “ఇప్పుడొచ్చిందా?”

“కాదు. అప్పుడెప్పుడో. అవ్వ దగ్గరుండె.”

అవ్వ దగ్గర ఎందుకుందని అత్త అడగలేదు. “సదువు” అంది.

చదవడంలో నాకు చుట్టుపక్కల కాస్త పేరుండేది. బైబిలు వాక్యం చదివితే ఆడవాళ్లు కొంగుతో కండ్లు తుడుచుకునేవాళ్లు. ఆ ఒక్క రోజైనా ముక్కుతో గొణిగి ఉండాల్సింది. అలవాటు చొప్పున, ఆగాల్సిన చోట ఆగుతూ, ఒత్తాల్సిన చోట ఒత్తుతూ చదివాను.

“ఆ గది మాట మళ్లొకసారి సదువు.”

చదివాను.

“కిటికీ ఉందంటనా?”

“రాయలేదత్తా.”

అత్త నవ్వింది. మా ఇంట్లో ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. ఎనిమిదేండ్లు ఆమెను మొగుడు వదిలేసిన ఆడది అన్నారు. వదిలేయలేదని ఆమెకు ఆ సాయంత్రం తెలిసింది. తర్వాత విస్తళ్లన్నీ దొంతర పెట్టి, “రేపు నా పేరు సదవొద్దురా” అంది.

“ఆయన ఇంకా ఉన్నాడో లేడో అత్తా. ఉన్నా ఆడ ఇంకో కాపురం పెట్టుకున్నాడో ఏమో.”

“పెట్టుకోనీ. నేను రాననుకొని గదా పెట్టుకునుంటాడు! నేను రానని ఎప్పుడంటిరా? ఆ మాట ఆయనకు తెలియకుండ ఇంకొకాయన పక్కన ఎట్ల నిలబడేది?”

మిషను వాళ్లు నేర్పిన ప్రశ్నోత్తరాల్లో ఆ ప్రశ్న లేదు.

మర్నాడు మేస్త్రి ఉతికిన కోటు వేసుకుని ముందు వరసలో కూచున్నాడు. నేను ప్రకటన చదవకుండానే ఆఖరి పాట ఎత్తుకున్నాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయటికి రాగానే ఆయన నా పక్కకొచ్చి, “అయ్యవారూ, మర్సిపోయినారా?” అన్నాడు మెల్లగా. మరిచిపోయానని చెబితే ఎంత బాగుండు. జరిగిందంతా చెప్పాను.

ఆయన కోటు గుండీలు విప్పుకున్నాడు. “నా ఆడమనిషిని నా సేత్తోనే మట్టేసినా. నాకు అనుమానం లేదు. ఆమెకట్ల కాదు గదా” అన్నాడు. తర్వాత, “రంగూనుకు జాబు రాయండి అయ్యవారూ. నాకియ్యండి. మెయిలు రైల్లో నేనేస్తా, జల్దీ పోతాది” అన్నాడు.

అత్త చెప్పింది నేను రాశాను. మేస్త్రి తీసుకుపోయి వేశాడు. ఆమె మొగుడి కోసం ఆమె రాయించిన జాబు. రెండు నెలలు చూసి ఇంకొకటి. దాన్నీ ఆయనే వేశాడు. మిల్లు పేరు మీద మూడోది. అసలు అయ్యగారు వచ్చి, మనిషి బతికున్నాడనే అనుమానం ఉండగా పెండ్లి చేయలేనన్నారు. ఆయన మాట న్యాయమే. అందరి మాటా న్యాయమే, అదే నా తలనొప్పి. ఇంతలో రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. తపాలా ఆగిపోయింది. బర్మా అడవుల్లో నడిచి తిరిగొచ్చినవాళ్లు రైళ్లలో దిగుతుంటే, మేస్త్రి స్టేషనులో ఒక్కొక్కరినీ ఆపి, బియ్యం మిల్లులో పనిచేసిన మార్కాపురం వైపు మనిషి ఎవరైనా తెలుసా అని అడిగేవాడట. తెలుసన్నవాళ్లు లేరు. చచ్చిపోయాడన్నవాళ్లూ లేరు.

అవ్వ అన్నం తగ్గించేసింది. అత్త రోజూ ఆమెకు తల దువ్వి, కాళ్లకు ఆముదం రాసి, ఆ జాబు ఊసు మాత్రం ఎత్తేది కాదు.

రెండేండ్లకు మేస్త్రికి దొనకొండ వైపు బదిలీ అయింది. చెప్పిపోదామని ఇంటికొచ్చాడు. గడప బయటే నిలబడి, “ఇప్పుడైనా సరేనంటే నేను పోయేది ఆపుకుంటా” అన్నాడు. అన్నాళ్లూ అత్త ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. పనిలో అయితే మేస్త్రీ, పని కాని చోట ఏమీ లేదు.

“పొయ్యిరా అన్నా” అంది అత్త.

ఆయన తలూపాడు. నేను కట్ట దాకా తోడు పోయాను. దారి పొడుగునా వానల గురించే మాట్లాడాను.

తిరిగొచ్చేసరికి అవ్వ చీకటి మూల నుంచి, “పోయినాడా?” అంది.

“పోయినాడు.”

“అది ఏడుస్తాందా?”

“లేదవ్వా. సంగటి కెలుకుతాంది.”

“నన్ను తిట్టమని సెప్పు నాయనా. ఒక్కసారి నోరారా తిట్టమను.”

పోయి అత్తతో ఆ మాటే చెప్పాను. ఆమె తల ఎత్తలేదు. తెడ్డుకు అంటిన ముద్దను కుండ అంచుకు రాసి, “సల్లారకముందే వచ్చి తినమను మాయమ్మను” అంది.