బర్రెలు పోయాక బుచ్చమ్మ ప్రార్థన

మా సంఘంలో బుచ్చమ్మకు నోరు పెద్దది. పాట ఎత్తుకోకముందే చప్పట్లు మొదలుపెడుతుంది, పాస్టరుగారి ప్రసంగం సాగిందంటే బాహాటంగా ఆవలిస్తుంది. అలాంటి మనిషి మొన్న చలికాలం నుంచి నోరు మూసుకుని చివరి చాప మీద కూర్చోసాగింది. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాం. ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. సంఘమంటే కుటుంబమని బోర్డు మీద మాత్రం రాసుకున్నాం.

పాతబస్తీ మొఘల్‌పురాలో మా ఇంటి వెనక సందులో ఆమెకు బర్రెలుండేవి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పాలే ఇంటికి కూడు. చదువు రాదు కాబట్టి బైబిలు పట్టలేదు. ఉన్నది ఒకే గది కాబట్టి ఏకాంతమూ లేదు. తెల్లవారుజామున బర్రె డొక్కకు నుదురు ఆనించి, పాలు పితుకుతూ యేసుతో మాట్లాడేది. దాణా ధర, దూడ జ్వరం, చనిపోయిన భర్త మీద తీరని కోపం, అన్నీ ఆయనకే. బకెట్ నిండేసరికి మనసు తేలికపడేదట.

సందులో ఇళ్లు పెరిగాయి, పేడ కంపని లొల్లీ పెరిగింది. కంచన్‌బాగ్‌లో పనిచేసే కొడుకు ఎల్లేష్ తల్లిని ఒప్పించి బర్రెలను అమ్మేశాడు. కొట్టం ఉన్నచోట ఆమెకో గది కట్టించాడు. కోడలు సుజన కుర్చీ వేసి, ఫోనులో బైబిలు చదివి వినిపించే ఏర్పాటు చేసింది. ఇక హాయిగా ప్రార్థన చేసుకోమన్నారంతా.

బుచ్చమ్మ కూర్చుంది, కళ్లు మూసుకుంది. ఒక్క మాట రాలేదు. తెల్లవారుజామున అజాన్ వేళకు అలవాటుగా మెలకువ వచ్చేది. లేచి ఎక్కడికి వెళ్లాలో తెలిసేది కాదు. అంత తీరిక దొరికాక యేసు జాడ లేకుండా పోయాడు. మొగుడు పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేనని తర్వాత నాతో అంది.

కిందటి వారం వాళ్లింట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. సాక్ష్యాలు మొదలయ్యాయి. మా సాక్ష్యాలు ఎప్పుడూ ఒక్కటే: రోగం పోయింది, ఉద్యోగం వచ్చింది, ప్రభువుకు స్తోత్రం. కొత్త గది దొరికింది కదా, నువ్వూ చెప్పమని పాస్టరుగారు బుచ్చమ్మను లేపారు. ఆమె గోడ పట్టుకుని లేచింది. మా వైపు చూడలేదు.

"యేసయ్యా, బర్రెలు పోయిన కాడికెల్లి నువ్వు వస్తలేవు. రోజు కూసుంటున్న, నీ మాటలు ఇంటున్న. గని నువ్వైతే లేవు. నా మీద కోపమొచ్చిందా? మస్తు యాదికొస్తున్నవ్. ఒక్కపారి రా."

స్తోత్రం అనబోయి ఆగిపోయాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసం అంత బెంగపడ్డ మనిషిని నేను చూడలేదు. పాస్టరుగారు పాట అందుకున్నారు గానీ, రెండో చరణం ఎత్తుకోకుండానే ముగించేశారు.

అందరూ వెళ్లాక సుజనకు టీ గిన్నెలు కడగడంలో సాయం చేస్తూ ఉండిపోయాను. బుచ్చమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఇవాళ కూడా ఆయన పలకలేదని మెల్లగా అంది.

సుజన చేతులు తుడుచుకుని ఆమె పక్కన చతికిలబడింది.

"ఇన్ని దినాలకు నువ్వైతే పలికినవ్ గదా అత్తమ్మా."

బుచ్చమ్మ కోడలి భుజం పట్టుకుని లేచింది. తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి ఆమె ఆయనను నిలదీస్తున్న గొంతు వినిపించింది. నేనూ సుజనా చప్పుడు కాకుండా గిన్నెలు బోర్లించాం.