రూపాయి రుసుం నిలబెట్టిన రోజు నౌపడలో

నౌపడ ఉప్పు మడులు చూడాలంటే ఎలా వెళ్ళాలని ఈమధ్య కొందరు అడిగారు. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది అరవైల చివర్లో, అమ్మతో కలిసి. మడులు చూడడానికి కాదు, మా అక్క పైడమ్మ కోసం. అక్కను అక్కడ ఉప్పు పండించే ఇంటికి ఇచ్చాం. ఉప్పు రైతులకు ఒక చిన్న సంఘం ఉండేది. బావతో పాటు అక్క కూడా అందులో సభ్యురాలే. ఏ సభ్యుడైనా రూపాయి రుసుం కట్టి ఒక ప్రతిపాదన పెడితే, దాని మీద అందరూ ఓటు వెయ్యాలి. ఆ ఏడు ఆ రుసుం పాతిక రూపాయలు చెయ్యాలని పెద్దలు తలపెట్టారు. మడుల దగ్గర తాగునీటి తొట్టి కావాలని అడగబోతున్న అక్క, సభలో లేచి మాట్లాడతానని కబురు పంపింది.

"దాని పక్కన మనోళ్ళు ఒకలైనా ఉండాల్రా" అంటూ అమ్మ నన్ను లేవదీసింది.

గజపతినగరంలో మొదటి బస్సెక్కి విజయనగరం చేరి, పాసింజరు బండి పట్టుకున్నాం. నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికులు ఎక్కడంతో పెట్టె కిటకిటలాడింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో బండి చాలాసేపు ఆగితే ఇడ్లీలు తిన్నాం. నౌపడలో దిగేసరికి ఎండ ముదిరింది. ముప్పావలాకు జట్కా కుదిరింది.

"సంఘం మీటింగుకేనా బాబూ? ఓ ఆడమనిసి పెద్దలకి ఎదురు మాటాడతాదట!" అన్నాడు జట్కా అతను.

"అది నా కూతురే" అంది అమ్మ, వెన్ను నిటారుగా పెట్టి. అతను వెనక్కి తిరిగి అమ్మను ఓసారి చూసి, గుర్రాన్ని అదిలించాడు.

ఇంటి దగ్గర బావ దిగులుగా ఉన్నాడు. "సంఘం అధ్యచ్చుడే మన ఉప్పు కొనే సావుకారు. రేపు కొననంటే ఏటి సేస్తాం?"

"ఇంకోడికి అమ్ముదుం. ఈ మాట ఇయ్యాల అనకపోతే మరెప్పుడూ అననీరు" అంది అక్క.

సభ తాటాకుల పాకలో జరిగింది. షావుకారు నెమ్మదిగానే చెప్పాడు. ప్రతి చిన్న విషయానికీ ప్రతిపాదన వస్తోంది, ఓటింగు పెట్టినప్పుడల్లా సంఘానికి ఖర్చవుతోంది, అందుకే రుసుం పెంచక తప్పదు అన్నాడు.

అక్క లేచింది. మొదట గొంతు వణికింది. "సావుకారు గారూ, మీరు సెప్పిన కర్సు నిజమే. కానీ పాతిక రూపాయలు కట్టగలిగినోడే అడగాలంటే, మాలాటోళ్ళం నోరు కుట్టేసుకోవాల. మా మాట నచ్చకపోతే ఓటులో ఓడించండి. అడగనీకండా సేయకండి. పనికిమాలిన పెతిపాదనలు ఆగాలంటే, పదిమంది ఏలిముద్రలు తెమ్మనండి."

వెనక నుంచి ఒక ముసలాయన నవ్వాడు. "ఆడదానికి సంఘంలో ఏటి పని?"

అంతవరకు తల దించుకుని కూర్చున్న బావ లేచి నిలబడ్డాడు. "పని ఉన్నాది మావా. నాతో సమానంగా మడి తొక్కుతాది."

చదువురాని వాళ్ళ కోసం తడిక చాటున రెండు రేకు డబ్బాలు పెట్టారు, పెంపు కావాలంటే ఒకటి, వద్దంటే ఇంకొకటి. ఒక్కొక్కరే వెళ్ళి చీటీ వేసి వచ్చారు. అందరి ముందూ లెక్కపెట్టారు. రుసుం పెంపు ఓడిపోయింది.

షావుకారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పైడమ్మా, నీ నీళ్ళ తొట్టి సంగతేటి? పదిమంది ఉన్నారా?" అన్నాడు.

అక్క జనం వైపు తిరిగింది. పాకలో సగం మంది లేచి నిలబడ్డారు. అమ్మ కూడా లేచింది. "నువ్వు సబ్యురాలివి కాదు కదమ్మా" అన్నారెవరో.

"తెలుసు నాయినా. నిలబడ్డానికి కూడా రుసుం ఉన్నాదా?" అంది అమ్మ. షావుకారుతో సహా పాకంతా నవ్వింది.

తొట్టి ఆ ఎండాకాలమే కట్టారు. షావుకారు ఉప్పు కొనడం మానలేదు. ఆ తర్వాత నేను చాలా ఊళ్ళు తిరిగాను, పెద్ద పెద్ద సభలు చూశాను. కానీ మా ఇంటి ఆడపిల్ల వణికే గొంతుతో మొదలుపెట్టి, వణక్కుండా ముగించిన ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది.

మీరు వెళ్తే ఉప్పు పండే కాలంలో, పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కాక ఆ తెల్లదనానికి కళ్ళు తెరవలేం. గట్టు ఎక్కేముందు మడిలో ఉన్నవాళ్ళని ఒక్క మాట అడగండి. అడిగినవాళ్ళని అక్కడ ఎవరూ కాదనరు.