చేపనూనె సీసా, మార్తమ్మ భయం

2006 వేసవి. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మిరప కోతల కాలం కావడంతో రోగుల వెంట వచ్చేవాళ్ళ బట్టల్లోంచి ఘాటు కొట్టేది. తుమ్ముతూ ఇంజెక్షన్లు సర్దుకోవడం మాకు అలవాటే.

పర్చూరు దగ్గర పల్లె నుంచి సునీత అనే అమ్మాయిని తెచ్చారు. పేగు మెలిక పడి పాడైపోతే సర్జన్ చాలా భాగం తీసేశారు. నోటితో ఏమీ తినలేని ఇలాంటివాళ్ళకు టీపీఎన్ పెడతాం, అంటే తిండి మొత్తం రక్తనాళంలోకే ఎక్కిస్తాం. అందులో కొవ్వు కోసం ఇచ్చేది లిపిడ్ ఎమల్షన్. నీళ్ళలో కలిసిపోయేలా చేసిన నూనె అది, చూడ్డానికి అచ్చం పాలే. మామూలుగా సోయా నూనెది వాడేవాళ్ళం. వారాలు గడిచేసరికి సునీత కళ్ళు పచ్చబడ్డాయి, లివర్ దెబ్బతింటోంది. చేపనూనెతో చేసినది కొందరికి మేలు చేస్తుందని డాక్టరుగారు హైదరాబాద్ నుంచి తెప్పించారు. అది కూడా పనిచేయకపోతే పిల్ల దక్కదని మాకందరికీ తెలుసు.

వాళ్ళమ్మ మార్తమ్మ మిరపకాయల కోతకు వెళ్ళే మనిషి. "ఇదేంటి సిస్టరమ్మా?" అని అడిగితే "చేపనూనె" అని చెప్పి నా పనిలో పడ్డాను.

మధ్యాహ్నం వచ్చి చూస్తే సీసా అలాగే ఉంది. పైపు మీద వేగం తగ్గించడానికి రోలర్ క్లాంప్ అని చిన్న చక్రం ఉంటుంది. దాన్ని ఎవరో బిగించేశారు. సరిచేసి అటు వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ బిగించి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, నువ్వేనా తిప్పింది? పిల్ల బతకాలని లేదా నీకు?"

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేపా పాలూ కలిపి ఎక్కిస్తన్నారుగా సిస్టరమ్మా! చేపలకూర తిని పాలు తాగితేనే బొల్లి మచ్చలొస్తయ్యే, ఇంక నెత్తుట్లోకే పోతే? రేపు బతికి బయటపడ్డాక నలుగుర్లో ఎట్టా తిరగాల నా బిడ్డ?"

పక్కనున్న డ్యూటీ డాక్టర్ కిసుక్కున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా నల్లపాడు ఇంట్లో చేపలు వండిన రోజు మా అమ్మ పాలగిన్నె అటక మీద పెట్టేసేది.

"ముందే అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే నవ్వుతారు. ఆ చక్రం నవ్వదుగా," అంది ఆ కుర్ర డాక్టర్ వైపు చూస్తూ. అతను తల దించుకున్నాడు.

నా కోపం అక్కడే చల్లారింది. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"పత్తికి వేపనూనె కొట్టేటప్పుడు సబ్బునీళ్ళు కలుపుతారుగా, ఏ రంగుకొస్తుంది?"

"తెల్లగా, పాలమల్లే."

"పాలేమన్నా పోస్తారా అందులో?"

"ఎందుకు పోస్తారు?" అంటూనే ఆగిపోయి సీసా వైపు చూసింది.

"ఇదీ అంతే. సబ్బుకు బదులు కోడిగుడ్డు సొనలోంచి తీసింది కలుపుతారు. పాలచుక్క లేదు."

"చేపా, గుడ్డూనా? నా బిడ్డ ఇన్నాళ్ళూ పస్తులుంటందని ఏడుస్తన్నానే!" అంది మార్తమ్మ. కాసేపటికి, "తిప్పు సిస్టరమ్మా," అని తనే పక్కకు జరిగింది.

సునీత కళ్ళలో పసుపు మెల్లగా విరిగింది. గంజినీళ్ళతో మొదలుపెట్టి మెత్తటి అన్నం దాకా వచ్చాక ఇంటికి పంపించాం.

కొన్ని నెలలకు చెకప్‌కి వచ్చారు. డాక్టరుగారు లివర్ రిపోర్టు చూసి మురిసిపోతుంటే మార్తమ్మ నన్ను పక్కకు పిలిచి, కూతురి చేతులు రెండూ వెలుతురులోకి తిప్పి చూపించింది. "చూడు సిస్టరమ్మా, ఒక్క మచ్చ లేదు."

అంటే ఆ రోజు ఆమె నా మాట పూర్తిగా నమ్మలేదు. భయం లోపల అలాగే ఉంది. బిడ్డ బతికితే చాలని చక్రం వదిలేసింది. అది తెలిసి నా కళ్ళు చెమర్చాయి.

అప్పట్నుంచి ఏ రోగికి ఆ సీసా తగిలించినా, ఇది చేపనూనె అని ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళిపోవడం మానేశాను. ఇందులో పాలు లేవని కూడా చెబుతాను. ఆపైన, "ఇంకేమన్నా భయముందా అమ్మా?" అని అడిగి, వాళ్ళు నోరు తెరిచేదాకా అక్కడే నిలబడతాను.