కాలువ గట్టు మీద ఆటో

మా అమ్మాయిని ఒకటో తరగతిలో చేర్చిన ఏడు ఇంట్లో నేను ఖండితంగా చెప్పిన మాట ఒక్కటే. పిల్ల బడి ఆటో ఎక్కడానికి వీల్లేదు. ఏ బడి, ఎలాంటి సంచీ, ఏ రంగు రిబ్బన్లు అన్నవన్నీ ఆడవాళ్ల ఇష్టానికి వదిలేశాను.

దీన్ని అందరూ నా దర్జా కింద జమకట్టారు. ఆస్తి పోయినా పెద్దింటి పోకడ పోలేదని, పిల్ల నలుగురితో ఇరుక్కుని వెళ్తే నామోషీ అనుకుంటున్నాడని చాటున అన్నారు. నామోషీ బొత్తిగా లేదని నేను అనను. మా ముత్తాతగారి కాలంలో మా ఇంటి పిల్లలు పంతులుగారి దగ్గరకు వెళ్లేవారు కాదు. పంతులుగారే గూడుబండిలో మా ఇంటికి వచ్చేవారు. అయినా నా భయం వేరు. మా ఊరి నుంచి బడి ఉన్న అమలాపురం వెళ్లే దారి సగం మేర కాలువ గట్టే. ఒక పక్క కొబ్బరి తోటలు, ఇంకో పక్క నిండుగా పారే కాలువ. ఎదురుగా కాయల లారీ వస్తే ఆటో ఒక చక్రాన్ని గడ్డి మీదకు దించితే తప్ప దారి చాలదు. ఆ ఆటోల్లో పిల్లల్ని ఎక్కించే తీరు నేను రోజూ కాలేజీకి వెళ్తూ చూసేవాణ్ణి. డ్రైవరుకు అటొకడు, ఇటొకడు. వెనక సీటుకు ఎదురుగా వేసిన చెక్కబల్ల మీద మరికొందరు. పుస్తకాల సంచులన్నీ బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. వాటి బరువుకు బండి ఒక పక్కకి ఒరిగే నడుస్తుంది.

వద్దని చెప్పడం తేలికే. పిల్లను ఎవరు దింపాలి, ఎవరు తేవాలి అన్నది తేలలేదు. మా ఆవిడ రాజోలు అవతల ఒక ఊళ్లో టీచరు. తెల్లవారీ తెల్లవారకుండా బస్సెక్కి పోతుంది. నేను అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పొద్దున్న దారిలో దింపగలను గాని సాయంత్రం అయిదు దాటితే తప్ప నాకు తెరిపి లేదు. బడి మూడున్నరకే వదిలేస్తారు. మా అమ్మ మోకాళ్లు వీధి చివరి వరకే నడుస్తాయి.

అప్పుడు మా వీధిలోనే ఉండే నా చిన్ననాటి స్నేహితుడు ముందుకు వచ్చాడు. వాళ్ల తాత మా తోటల్లో కాయ దింపు చేయించేవాడు. ఇప్పుడు ఆ తోటల్లో సగం వాళ్లవే. కొబ్బరి వ్యాపారం, గోదాము, కారు ఉన్నాయి. అయినా నేను కూర్చోమంటే తప్ప మా ఇంట్లో కుర్చీ ముట్టడు. బళ్లో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నవాళ్లమే అయినా నన్ను మీరు అనే అంటాడు.

"మీకెందుకండీ బాబుగారూ ఆలోచన? మావోణ్ణి కూడా ఆ బళ్లోనే వేస్తున్నాను. పొద్దున్న ఇద్దర్నీ మీరు దింపేయండి. సాయంత్రం నేను కారులో తెచ్చేత్తాను. ఎలాగా ఆ వేళకి మార్కెట్టుకి వత్తాను కదండీ" అన్నాడు.

"ఆటో మాత్రం వద్దు" అన్నాను.

"ఆయ్. మన పిల్ల ఆటో ఎక్కడమేటండీ" అన్నాడు.

నాకు అది చాలింది.

జూన్ వానలతో పాటు బడి తెరిచారు. పిల్లను బడికి పంపడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మేజోళ్లు ఆరవు. ఆరనివాటిని ఇస్త్రీ పెట్టె కింద పెట్టి ఆవిర్లు వచ్చేదాకా నొక్కాలి. పుస్తకాలకు అట్టలు వేయాలి. ఆ అట్ట రంగు ఫలానాదే కావాలి. అది మా ఊరి కొట్లో ఉండదు. మెళ్లో కార్డు, నడుముకు బెల్టు, జేబులో చేతిరుమాలు ఉండాలి. మా ఆవిడ ఇంట్లో ఉండదు కాబట్టి జడలు కూడా నా వంతే. పాయలు సమంగా తీసి, రెండు జడలూ మడిచి, రిబ్బను పువ్వులా కట్టడం నాకు పట్టుబడడానికి చాలా రోజులు పట్టింది. ఒక జడ చెవి మీద, ఇంకోటి మెడ మీద పడేవి. పిల్ల అద్దంలో చూసుకుని, "బాగానే ఉందండీ నాన్నగారూ" అనేది. మా ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లను అండీ అనకుండా పిలవరు.

ఒకరోజు రుమాలు మరిచిపోతే, మా కాలేజీలో నిన్న మొన్న చదువుకున్నట్టున్న టీచరమ్మ గేటు దగ్గర నన్ను ఆపి, ఇంట్లో ఎవరూ చూసుకోరా అని అడిగింది. చుట్టూ తల్లులు, నాయనమ్మలు ఉన్నారు. మా వంశంలో ఎవర్నీ ఎవరూ నడివీధిలో అలా నిలదీసి ఉండరు. పొరపాటేనమ్మా అన్నాను. పొద్దున్న దింపడం నా పని, చేశాను. స్కూటరు మీద ముందు స్నేహితుడి కొడుకు నిలబడేవాడు, వెనక మా అమ్మాయి నా నడుము పట్టుకునేది. వానకు ముగ్గురం ఒకే ప్లాస్టిక్ కోటులో దూరేవాళ్లం. ఒక్క పూట కూడా ఆ పిల్లవాణ్ణి మా పిల్ల కంటే వేరుగా చూసింది లేదు. ఎనిమిదింటికి వాడు వాళ్ల గుమ్మంలో నిలబడే లోపల నా బండి అక్కడ ఉండేది.

శ్రావణంలో ఒకనాడు మధ్యాహ్నం విద్యార్థి సంఘంవాళ్లు వచ్చి మా తరగతులు మూయించేశారు. పిల్లను నేనే తీసుకెళ్దామనిపించింది. చినుకులు పడుతుంటే బడికి ఎదురుగా ఒక దుకాణం చూరు కింద నిలబడ్డాను. గంట కొట్టారు. స్నేహితుడి కారు వచ్చింది. వాళ్ల అబ్బాయి ఒక్కడే వచ్చి ఎక్కాడు. కారు మా ఊరి వైపు కాక టౌనులోకి తిరిగి వెళ్లిపోయింది.

మా అమ్మాయి ఇంకా లోపలే ఉందేమో అనుకున్నాను. ఇంతలో తను బయటికి వచ్చింది. అటూ ఇటూ చూడలేదు. వరసలో మూడో ఆటో దగ్గరకు పరిగెత్తి సంచీ డ్రైవరుకు అందించింది. అతను దాన్ని కొక్కేనికి తగిలించాడు. పిల్ల ఇనప కడ్డీ మీద కాలు వేసి, బాగా అలవాటైన మనిషిలా పైకి లేచి, చెక్కబల్ల చివర కూర్చుంది. ఆ చోటు తనదేనని పక్క పిల్లలు జరిగిన తీరే చెప్పింది.

నేను రోడ్డు దాటి ఆపవచ్చు. ఆపలేదు. నా కూతురు ఆటోలో వెళ్తున్న సంగతి నాకు తెలియదని ఆ గేటు ముందున్న అందరికీ తెలియడం నాకిష్టం లేకపోయింది. స్కూటరు తీసి దూరంగా వెనకే వెళ్లాను.

గట్టు మీదకు వచ్చేసరికి చినుకులు వానైపోయాయి. ఎదురుగా కాయల లారీ వచ్చింది. ఆటో కాలువ వైపు గడ్డి మీదకు చక్రం దించింది. డ్రైవరు ఏదో అరిచాడు. లోపలి పిల్లలందరూ "హైలెస్సా" అంటూ ఒక్కసారిగా తోటల వైపు ఒరిగారు, బండి తిరగబడకుండా. వాళ్లకది ఆట. లారీ పోయింది, అందరూ నవ్వుకుంటూ సర్దుకున్నారు. మా అమ్మాయి గొంతు అందరికంటే పైన వినిపించింది.

మా వీధి చివర ఆటో ఆగింది. అక్కడ మా అమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల దిగింది, ఆవిడ సంచీ అందుకుంది, డ్రైవరుతో ఏదో మాట్లాడి నవ్వింది కూడా. ఇద్దరూ ఇల్లు చేరేదాకా నేను మలుపులో ఆగి, ఆ తరవాత వెళ్లాను.

"ఈవేళ తొందరగా వచ్చేరేంటండీ నాన్నగారూ?" అంది పిల్ల.

"కాలేజీ లేదు. నువ్వెలా వచ్చేవు?"

"మావయ్యగారి కారులోనండీ."

"వాన పడలేదా దారిలో?"

"పడిందండీ. అద్దాలేసేసుకున్నాం. ఏం తడవలేదు."

పిల్ల చెయ్యి ఒకటి భుజం దాకా తడిసి ఉంది. నా కళ్లలోకే చూస్తూ చెప్పింది. మా అమ్మ నా వైపు గాని, పిల్ల వైపు గాని చూడకుండా పాలు చల్లార్చుతోంది. నేను లోపలికి వెళ్లి బట్టలు మార్చుకున్నాను.

అబద్ధాలు వినడం నాకు కొత్త కాదు. మా నాన్నగారి చేత హామీ సంతకాలు పెట్టించుకున్నవాళ్లంతా చేతులు కట్టుకుని, ఆయ్ ఆయ్ అంటూ ఎదుట నిలబడినవాళ్లే. ఆస్తి పంపకాల రోజున నా తరఫున మాట్లాడతామన్న పెద్దమనుషులు భోజనం చేసి చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. వాళ్ల మీద నాకు కోపమే గాని ఆశ్చర్యం లేదు. ఇంకా కూడికలు రాని పిల్ల, నా చేతులతో జడలు వేసి పంపిన పిల్ల, అండీ అంటూ అంత మర్యాదగా నాకు అబద్ధం చెప్పగలదని మాత్రం నేను ఎరగను.

దీపాలు పెట్టే వేళకు మా ఆవిడ వచ్చింది. చెప్పులు విడిచే లోపలే అడిగాను.

"ఎన్నాళ్లయింది?"

దేని గురించని ఆవిడ అడగలేదు. నెల దాటిందని చెప్పింది. స్నేహితుడు కొడుకును బడి తరవాత కరాటేలో వేశాడట. వాడు ఇల్లు చేరేసరికి దీపాలు పెడతారట. ఆ మాట నాతో చెప్పడానికి ఒక ఆదివారం వచ్చి, నేను ఎదురుగా కూర్చుంటే తోటల సంగతులన్నీ మాట్లాడి, చెప్పలేక లేచి వెళ్లాడట. మర్నాడు నేను లేనప్పుడు ఆవిడకు చెప్పాడట. ఆటో ఆవిడే కుదిర్చింది.

"నాతో చెప్పాలని తోచలేదా?"

"తోచింది. చెబితే ఏం చేసేవారు? మీరు కాలేజీ మానేస్తాననేవారు. కాకపోతే నన్ను మానేయమనేవారు. ఇంకో దారి ఉంటే చెప్పండి, ఇప్పుడైనా."

"పసిపిల్ల చేత అబద్ధాలాడించడం దారా?" అన్నాను.

"చెప్పకు అని మాత్రమే అన్నానండీ. కారు, అద్దాలు, అవన్నీ దాని సొంతం" అంది. నవ్వు రాబోతే ఆపుకుంది. ఆ నవ్వును నేను చాలా రోజులు క్షమించలేకపోయాను.

వంటింట్లోంచి మా అమ్మ, "నీకు చెప్పేదెవర్రా? మీ నాన్నకే ఎవరూ చెప్పేవారు కాదు" అంది.

పొద్దున్న నేను బండి తీసే లోపలే స్నేహితుడు కొడుకు చెయ్యి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మా ఆవిడ ఫోన్ చేసినట్టుంది. తల దించుకుని నిలబడ్డాడు.

"తప్పయిపోయిందండి బాబుగారూ. మీ మొహమ్మీద కాదనలేకపోయేను."

"చాటుగా అనగలిగావుగా."

"చిన్నప్పట్నుంచీ మీకు ఎదురు చెప్పి ఎరగనండి. రేపట్నుంచి మావోణ్ణి నేనే దింపుకుంటాను."

"సాయంత్రం మాట నీది, తప్పావు. పొద్దుటి మాట నాది. ఎనిమిదింటికి వాడు గుమ్మంలో ఉండాలి" అన్నాను.

"ఆయ్" అన్నాడు. ఏం చేస్తాడు?

నాలుగు రోజులు సెలవు పెట్టి పిల్లను నేనే తెచ్చుకున్నాను. చివరి పీరియడ్లు ముందుకు జరపమని ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఒకరిని అడగడం నాకెంత కష్టమో ఆయనకు తెలియదు. కుదరదన్నాడు. టౌనులో ఇల్లు తీసుకుందామంటే మా అమ్మ ఇక్కణ్ణుంచి కదలనంది. సెలవు అయ్యాక మళ్లీ ఆటోయే గతి. ఆ నాలుగు సాయంత్రాలూ పిల్ల స్కూటరు వెనక కిమ్మనకుండా కూర్చుంది. గట్టు మీద ఆ ఆటో మమ్మల్ని దాటిపోయేటప్పుడు పిల్లలు చేతులూపేవారు. తను నా చొక్కా పట్టుకున్న చెయ్యి విడిచి ఊపేదో లేదో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

సెలవు అయిపోయే రోజు పొద్దున్న జడ వేస్తుంటే అడిగింది.

"నాన్నగారూ, నిజం చెబితే ఆటో మాన్పించేస్తారా అండీ?"

ఏం చెప్పాలి? మాన్పిస్తానంటే ఇకపై నాకు కారులూ అద్దాలే వినపడతాయి. ఈ ఇంట్లో అందరూ నాతో మాట్లాడే భాష అదే. పిల్ల తల కదల్చకుండా జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"ఏది జరిగితే అది చెప్పు. మాన్పించను" అన్నాను.

మర్నాటి నుంచి మళ్లీ ఆటో. ముందుగా డ్రైవరు దగ్గరకు వెళ్లి ఇద్దరు పిల్లల్ని తగ్గించమని, సంచులు లోపల పెట్టించమని చెప్పాను. ఎంతో వినయంగా, అలాగేనండి బాబుగారూ అన్నాడు. ఆ సాయంత్రం ఎంతమంది ఎక్కారని పిల్లను అడిగితే, "ఇదివరకటి వాళ్లే కాక ఇంకో అబ్బాయి కొత్తగా చేరేడండీ" అంది.

అలా అన్నీ చెబుతుంది ఇప్పుడు. నేను రాగానే నా పక్కన కూర్చుని, మాట దాచుకోకుండా, నేను ఏది వినకూడదని కోరుకుంటానో అదంతా చెబుతుంది. మొన్న వానలో ఎవరిదో చెప్పు జారి కాలువలో పడిందట. డ్రైవరు బండి ఆపి గట్టు దిగాడట.

"మీరంతా బండిలోనే కూర్చున్నారా?" అన్నాను.

"లేదండీ. అందరం దిగి నీళ్ల దాకా వెళ్లేం. నేనే ముందు చూసేనండీ చెప్పుని."

పిల్ల నా మొహంలోకే చూస్తోంది, నిజం చెప్పినందుకు ఏమవుతుందోనని.

"దొరికిందా మరి?" అని అడిగాను.