పద్నాలుగు రోజుల ఇడ్లీలు

ఒకే పొట్ట గురించి డాక్టరుకొక కథ, చర్చికొక కథ చెప్పి, రెండూ ఒకే గదిలో ఒకేసారి బయటపడేలా చేసుకున్న ఘనత నాది. మూడేళ్ల కిందటి మాట. దేశ రాజధానిలోని ద్వారకలో ఒంటరి కాపురం, గురుగ్రామ్‌లో ఉద్యోగం, తెలివి అంతంతమాత్రం.

నాకొక జబ్బు ఉండేది. ఆకలి లేకపోయినా తలుపేసుకుని, కడుపు నొప్పెట్టేదాకా తినడం, ఆపాలన్నా ఆపలేకపోవడం, తర్వాత సిగ్గుతో ఏడవడం. ఇది తిండిపోతుతనం కాదు, జబ్బేనని, మందు ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఎంత ఊరట కలిగిందో! రోజూ పొద్దున ఒక మాత్ర ఇచ్చి, రెండు షరతులు పెట్టింది.

"పూట తప్పకూడదు. కడుపు మాడితే సాయంత్రం మళ్లీ అదుపు తప్పుతుంది. తిన్నదల్లా ఈ నోట్‌బుక్‌లో రాయండి. అది చూసే డోసు పెంచాలో లేదో చెప్తా."

బుద్ధిమంతులైతే అలాగే చేసేవారు. నేనేమో ఆ ఆదివారమే చర్చిలో లేచి నిలబడ్డాను. ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాస కాలం మొదలైంది. అందరూ వారానికొక పూట అంటుంటే నేను "నలభై రోజులూ సాయంత్రం దాకా" అని ప్రకటించాను. ఎవరైనా అడిగారా? లేదు. అందరూ "స్తోత్రం" అన్నారు, నేను గాల్లో తేలిపోయాను.

ఇక చూడండి నా భక్తి. పొద్దున ఖాళీ కడుపున మాత్ర. పగలంతా ఉపవాసం. సాయంత్రం మెట్రో దిగగానే నాలుగు సమోసాలు, ఒక బ్రెడ్ ప్యాకెట్, అరకిలో బేసన్ లడ్డూలు. పాపం, మాత్ర తన పని తాను చేసుకుపోదామంటే అడుగడుగునా నేనే అడ్డం.

నోట్‌బుక్ ఖాళీ. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మెట్రోలో కూర్చుని పద్నాలుగు రోజులూ ఒక్క ఊపున రాసేశాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి రెండు చపాతీలు. అనుమానం రాకూడదని ఆరో రోజు మూడు ఇడ్లీలు వేశాను.

గదిలోకి వెళ్తే బీపీ చూడటానికి వచ్చిన నర్సు మా చర్చి సుగుణ ఆంటీ! ఆ వారమే అక్కడ చేరిందట. మా చర్చిలో సగం మంది నర్సులేనన్న సంగతి నాకెందుకు గుర్తు రాలేదో!

డాక్టరమ్మ నోట్‌బుక్ తెరిచింది. "అరె వాహ్! దేఖో సిస్టర్, రోజూ టైముకి బ్రేక్‌ఫాస్ట్!"

ఆంటీ నా చెవి దగ్గరికి వంగింది. "ఏమ్మా స్టెల్లా, ఉపవాసమన్నావు కదే?"

"తర్వాత చెప్తా ఆంటీ."

"ఇడ్లీలతో ఉపవాసమేంటే?"

ఇంతలో డాక్టరమ్మ పెన్ను తీసింది. "ఠీక్ హై. చిన్న డోసుకే తగ్గిపోయింది. నెమ్మదిగా మందు ఆపేద్దాం. మూడు నెలల తర్వాత రండి."

ముందు రోజు కూడా లడ్డూలు తిని ఏడ్చినదాన్ని. మందు కూడా లేకుండా మూడు నెలలా?

"ఆపకండి మేడమ్! ఆ ఇడ్లీలు నేను తినలేదు!"

"మరెవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు. అసలు మా ఇంట్లో ఇడ్లీ పాత్రే లేదు!"

సమోసాలతో సహా అంతా చెప్పేసి భోరుమన్నాను. డాక్టరమ్మ తిట్టలేదు. "ముందు వేళకి తింటూ మాత్ర వేసుకోండి. డోసు సంగతి ఆ తర్వాత" అని కొత్త నోట్‌బుక్ ఇచ్చింది.

ఆంటీ మంచినీళ్లందించింది. "దేవుడు నిన్ను మందు పాడు చేసుకోమన్నాడా? నేను షుగరు మాత్రేసుకుని, శుభ్రంగా టిఫిన్ తినే చర్చికొస్తా."

చర్చిలో ఆవిడ ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. మరుసటి ఆదివారం మాత్రం నా చేతిలో బరువైన సంచి పెట్టింది. లోపల ఇడ్లీ పాత్ర.

"ఇదిగో, ఇకనైనా తిని రాయి."

ఆ పాత్ర మీద చెయ్యి వేసి, ఆంటీ సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో తినని ఇడ్లీ రాయను, రాయకుండా లడ్డూ తినను.